పొద్దున్నే పోయారు

చిరంజీవి పండూకు నాన్న దీవెనలు.

ఇక్కడ అమ్మా, నేనూ క్షేమం. ‘నేనూ’ అన్న మాట కింద రెండు గీతలు గీశాను, చూడు. నువ్వూ, మీ ఓడలో వాళ్ళూ కులాసా అని తలుస్తాను.

రేవు నుంచి నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఆ మధ్య నేను ఫోన్ చేస్తే, “పోయిన మనిషి గొంతుతో మోసం చేయడానికి సిగ్గు లేదా?” అని తిట్టి పెట్టేశావు. అమ్మ మాట్లాడితే, నిన్ను ఓదార్చడానికి నాటకమాడుతోందన్నావు. గొంతులు కూడా తయారుచేసే కాలం, నీ తప్పేం లేదు. చేతిరాతయితే నమ్ముతానన్నావు కనుక రాస్తున్నాను. నువ్వడిగిన వాటికి జవాబులు: నీ మొదటి పాలపన్ను నా మరమేకుల డబ్బాలో కలిసిపోయింది. నీకు సైకిల్ నేర్పింది నేను కాదు, అమ్మ. మెలిక బాగానే పెట్టావు!

అసలు జరిగింది ఇది. ఆ రోజు మిక్సీ మోటార్లు కొనడానికి పొద్దున్నే పక్క ఊరికి బయలుదేరాను. తొందరలో ఫోన్ కొట్లోనే మరిచిపోయాను. కొట్టు మూసి ఉందేమని ఎవరో పక్క కొట్టు దర్జీని అడిగారట. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకునే, “మిక్సీలాయన పొద్దున్నే పోయారు” అన్నాడట. అంతే, ఆ మాట ఫోనెక్కింది. పక్క వీధికి వెళ్ళేసరికి గుండెపోటు తోడైంది. బజారు చేరేసరికి నాకు కరెంటు షాక్ కొట్టింది. ఆ మెసేజ్ కింద ఎవరో డాక్టరుగారి హెచ్చరిక కూడానట, తడి చేత్తో మిక్సీ ముట్టుకోవద్దని.

నిజమో కాదో కనుక్కుందామని ఒకాయన అమ్మకే ఫోన్ చేశాడు.

“అవునండీ, పొద్దున్నే పోయారు. సాయంత్రానికి వచ్చేస్తారు” అంది అమ్మ.

పాపం, దుఃఖంతో మతి పోయిందనుకున్నారు.

సాయంత్రం నేనొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. ఎవరొచ్చారో అర్థం కాక పెరటి తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ముందు గదిలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, “దేవుడులాంటి మనిషమ్మా. మా మిక్సీ జార్ ఎక్కడ పెట్టారో ఏమైనా చెప్పారా?” అంటోంది.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. అమ్మ నన్ను చూసి నోరు తెరవబోయింది. వద్దని సైగ చేసింది నేనే. ఎందుకంటే అప్పుడే మీ బాబాయి లోపలికొచ్చాడు.

రోజుకు డెబ్బై మెసేజులు పంపుతున్నాడని నేను మన కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేస్తే, కుటుంబంలోంచే వెళ్ళిపోయినట్టు బాధపడి మాట మానేశాడు గదా. ఆ మనిషి అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, “వదినా, నేను పంపేవన్నీ అబద్ధాలే అనేవాడు అన్నయ్య. ఇదొక్కటి అబద్ధమని చెప్పు. ఇంకెప్పుడూ ఏదీ పంపను” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నా మీద వాడికి ఇంకా అంత ప్రేమ ఉందని వినడం బాగుండి, ఇంకాసేపు తలుపు చాటునే నిలబడ్డాను పండూ. కోప్పడకు. వెక్కిళ్ళతో వాడికి ఊపిరాడకపోతే అప్పుడు ఇవతలికొచ్చాను.

వాడు నన్ను తేరిపార చూశాడు. వచ్చి గట్టిగా గిల్లాడు. తర్వాత తల పట్టుకుని, “అయ్యయ్యో, పండూతో సహా అందరికీ పంపేశానే!” అన్నాడు.

నేను బతికే ఉన్నానని వెంటనే ఇంకో మెసేజ్ పెట్టాడు. ఒక్కరూ నమ్మలేదు. “ఇలాంటి పుకార్లు పుట్టించకండి, ఆ కుటుంబం బాధలో ఉంది” అని వాడికే చీవాట్లు పెట్టారు. చివరికి నా చెయ్యి పట్టుకుని బజారంతా తిప్పి, కొట్టు కొట్టుకూ చూపించాడు. చూపించడం అయిపోయాక కూడా వాడు చెయ్యి వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

ఆ రోజు నువ్వు ఓడలో ఒక్కదానివే ఎంత ఏడ్చి ఉంటావో! వేళకు తిను.

ఇట్లు,
మీ నాన్న

పండూ, నేను బాబాయిని. అన్నయ్యను స్వయంగా గిల్లి చూశాను. ఇది ఎవరో పంపితే పంపుతున్నది కాదమ్మా.