పైగ్యాలరీతో పేచీ

బెర్గామో,
జనవరి 8, 1957

అత్తయ్యకి ఒలింతో నమస్కరించి రాసేది,

నేను క్షేమం. నా గొంతు కూడా క్షేమమే. పదహారేళ్లుగా ఊరూరా తిరిగి ఒపేరాల్లో పాడుతున్నానా, ఆ సన్నగొంతు టెనర్లకేమో ప్రతి కథలోనూ పిల్ల దొరుకుతుంది. మా బరువుగొంతు బారిటోన్లకి ఆ పిల్ల తండ్రి వేషమో, కత్తి పట్టుకున్న దుర్మార్గుడి వేషమో మిగులుతుంది. పాతికేళ్లు నిండకముందే తెల్లగడ్డం అంటించుకున్నవాణ్ణి నేను.

ఇప్పుడు మంచి కబురు. ఫిబ్రవరిలో పార్మాలో, కూతుర్ని శపించే ముసలి ఓడ కెప్టెన్ వేషం నాది. కథంతా నా మీదే నడుస్తుంది. మా ఏజెంటు బెర్తోల్లి ఏమన్నాడో తెలుసా? "పార్మా మెచ్చితే మూడేళ్ల ఒప్పందం. ఈల వేసిందా, మీ అత్త కొట్టుకి పోయి పంది తొడలకి ఉప్పు రాసుకో!"

పార్మా థియేటర్ పైగ్యాలరీ వాళ్ల సంగతి నీకు తెలియనిదేముంది! టికెట్టు చవక, చెవులు ఖరీదు. వాళ్లు ఈల వేశారంటే మొహాన ఉమ్మినట్టే. వాళ్ల చప్పట్లు కూడా నాకక్కర్లేదత్తయ్యా, నోరు మూసుకుని వింటే అదే పదివేలు.

నీ మేనల్లుడు
ఒలింతో

తా.క.: ఈ సంగతి ఎవరితోనూ అనకు.

*

లంగిరానో,
జనవరి 14

చిరంజీవి ఒలింతోకి ఎర్సీలియా అత్త దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత బస్సెక్కి పార్మా వెళ్లాను. పైగ్యాలరీకి పెద్ద ఎవరంటే క్షౌరశాల వాస్కో అన్నారు. వెళ్లి, నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. "మా వాడికి మీ చప్పట్లు అక్కర్లేదట, నోరు మూసుకుని వింటే చాలట" అని.

అతను ఒకాయన చెంప గీస్తూ గీస్తూ ఆగిపోయాడు.

"మమ్మల్ని నోరు మూసుకోమన్నాడా?"

"అవును నాయనా, అంతకంటే ఏమీ అడగడంలేదు పాపం" అన్నాను.

అతను కత్తి కింద పెట్టి అందరి మొహాలూ చూశాడు. నీ మీద గౌరవం కలిగినట్టే ఉంది.

ఆశీస్సులతో
అత్త

తా.క.: ఎవరితోనూ అనలేదు. క్షౌరశాలలో తొమ్మిదిమంది ఉంటే అది నా తప్పా?

*

బెర్గామో,
జనవరి 18

అత్తయ్యకి,

నమస్కారాలు తర్వాత. ఎంత పని చేశావు! నీకు దణ్ణం పెడతాను, మళ్లీ వెళ్లి వాళ్లని చల్లబరచు. ఒలింతోకి పైగ్యాలరీ తీర్పంటే దేవుడి తీర్పేనని చెప్పు. కాస్త మర్యాద చెయ్యి. మర్యాద అంటే మాట మర్యాద. ఇంకేమీ కాదు.

ఒలింతో

తా.క.: నిన్న రిహార్సల్లో శాపం పాడాల్సిన చోట దగ్గు వచ్చింది. దానికి కారణం నువ్వే.

*

లంగిరానో,
జనవరి 25

చిరంజీవి ఒలింతోకి దీవెనలు.

ఉత్త చేతులతో వెళ్లి మర్యాద చెయ్యడం మన వంశంలో లేదు. రెండేళ్లు ఆరిన పంది తొడ, మన కొట్లోకెల్లా మంచిది, భుజాన వేసుకుని వెళ్లాను. వాస్కో దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"అమ్మా, గొంతు బాగుంటే తొడ ఎందుకు?"

"గొంతు బాగుంది కనకే తొడ తెచ్చాను! లేకపోతే పేగులు తెచ్చేదాన్ని" అన్నాను.

"అయితే మీ వాడు పైగ్యాలరీని కొనాలని చూస్తున్నాడన్నమాట" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మిమ్మల్ని కొనడానికి తొడెందుకయ్యా, చెవి ముక్క చాలు" అన్నాను.

ఆ మాటకి మాత్రం కాస్త నొచ్చుకున్నట్టున్నారు.

అత్త

తా.క.: తొడ తినడం మాత్రం తిన్నారు. ఎముకకి నీ పేరు కట్టి వాస్కో కొట్టు గుమ్మానికి వేలాడదీశారట.

*

పార్మా,
ఫిబ్రవరి 9

అత్తయ్యా,

ఊళ్లో దిగాను. ఎముక చూశాను. పోర్టర్ నా పెట్టె మోస్తూ "తొడ బారిటోన్ మీరేనా?" అని అడిగాడు. బెర్తోల్లి నాతో మాట్లాడటం మానేశాడు. పైగ్యాలరీ అంతా పొద్దుట్నుంచీ ఈలలు సాధన చేస్తోందట.

ఒక్కటే మాట. ఏమీ చెయ్యకు. ఎవరితోనూ మాట్లాడకు. థియేటర్ ఛాయలకి రాకు. వచ్చావో, ఆ కూతుర్ని కాదు, నిన్ను శపిస్తాను.

ఒలింతో

*

పార్మా,
ఫిబ్రవరి 15

అత్తయ్యకి వెయ్యి నమస్కారాలు,

గెలిచాను! కుదురుగా చెబుతాను, విను.

మొదటి అంకమంతా పైగ్యాలరీ చేతులు కట్టుకు కూర్చుంది. నేను భయంభయంగా, ఒక్క స్వరమైనా చెడకుండా నెట్టుకొచ్చాను. రెండో అంకంలో ఒక్క ఈల వచ్చింది. చెవులు చిల్లులు పడే ఈల! అంతలో పైన ఏదో గొడవ, తిట్లు, ఆ వెంటనే చప్పట్లు! ఎందుకో అర్థం కాలేదు. కానీ ఆ ఈల వేసినవాడి మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. శాపం పాట కూతురి వంక చూసి పాడాలి కదా, నేను తలెత్తి ఆ చీకట్లో ఉన్న దౌర్భాగ్యుడి వంక చూసి పాడాను. జాగ్రత్త, భయం అన్నీ ఎగిరిపోయాయి. పాట అయ్యేసరికి వాస్కో పైనుంచి "మళ్లీ!" అని అరిచాడు. మళ్లీ పాడాను.

బెర్తోల్లి ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. మూడేళ్లు!

కానీ ఆ ఒక్క ఈల నా గుండెలో ముల్లులా ఉంది. వాడెవడో తెలిస్తే పళ్లు రాలగొడతాను.

నీ ఒలింతో

*

లంగిరానో,
ఫిబ్రవరి 18

చిరంజీవి ఒలింతోకి ఎర్సీలియా అత్త దీవించి రాసేది,

పళ్లు రాలగొట్టాల్సిన పని లేదు. నాకు పైవరసలో రెండే మిగిలాయి, ఈలకి ఆ రెండూ చాలు.

రావద్దన్నావు, వచ్చాను. మూతిదాకా గుడ్డ చుట్టుకుని పైగ్యాలరీ చివర కూర్చున్నాను. నీ గొంతు నాకు తెలియదురా? వాకిట్లో నిలబడి పిలిస్తే కొండ మీది గొడ్లు తలతిప్పేవి. ఆవేళ స్టేజీ మీద పాడింది ఆ గొంతు కాదు. క్షమించండి బాబూ అని అడుక్కునే గొంతు. ఒక అంకం ఓర్చుకున్నాను. రెండోదాంట్లోనూ అదే తంతు. నా వేళ్లు వాటంతటవే నోట్లోకి వెళ్లాయి.

వాస్కో వెనక్కి తిరిగాడు, గుర్తుపట్టాడు. "మాకంటే ముందు ఈల వెయ్యడానికి నువ్వెవరు? ఈ గ్యాలరీ నీదా, మాదా?"

"మీకు చెవులుంటే నేనెందుకు వేస్తాను?" అన్నాను.

"లంగిరానో నుంచి వచ్చి మాకు పాట నేర్పుతుందా! మాకు నచ్చింది, పో!" అని అందర్నీ చప్పట్లు కొట్టమన్నాడు. కాబట్టి ఆ మొదటి చప్పట్లు నామీది కోపంతో కొట్టినవి. వాటిని లెక్కలోకి తీసుకోకు. శాపం తర్వాత మోగినవి మాత్రం నీవే. అప్పుడు నేనూ కొట్టాను, ఏడుస్తూ కొట్టాను.

ఆశీస్సులతో
అత్త

తా.క.: నాలుగో అంకంలో పిల్ల చనిపోయేచోట మళ్లీ జాగ్రత్తపడుతున్నావు. ఆదివారం ఆటకి నాకూ టికెట్టు తీసి, వాస్కో తన పక్కనే చోటు ఉంచాడు.