గోరింటాకు కింది గోరు

అమ్మా,

మార్కాపురంలో నేను బాగున్నాను, దిగులు పడకు. పలకల మిల్లులో రాళ్లు కోసేచోట రోజంతా నీళ్లలో నిలబడితే, కాళ్లు ఏటిలో ఎటో తేలిపోతున్నట్టుంటుంది. బొటనవేలి గోరు పసుపురంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంటే, నీలాగే గోరింటాకు పెట్టి కప్పేశాను. డాక్టరమ్మ చూసి, "ఇది ఫంగస్ తల్లీ, గోరుకు బూజు పట్టింది. పైన రంగేస్తే లోపలిది పోతాదా? కాళ్లు తడి లేకుండా ఆరనియ్యి. మందు నెలల తరబడి పూయాల" అంది.

మేక ఈనిందా? తడి చెప్పులు ఎండలో పెట్టు. నీ గోళ్లు తీసే కత్తెర చెల్లికి ఇవ్వకు. నాయనకు దండాలు.

నిన్న కలలో నీ ఎర్రటి పాదాలు తడి పలకల మీద మెల్లగా నడిచి వచ్చాయి. మేలుకున్నాక తోచింది, నీ బొటనవేలి గోరు అసలు రంగు నేను పుట్టాక ఎన్నడూ చూడలేదని. ఈ ఆషాఢానికి గోరింటాకు పెట్టుకోకు. నేనొచ్చి చూస్తాను.

నీ కూతురు,
కోటేశ్వరి