నీలం స్టిక్కరు డ్రమ్ములు

మే 5, సోమవారం

బత్తలపల్లె గోడౌన్‌లో డ్రైవర్లకూ లోడింగ్ వాళ్ళకూ ట్రైనింగ్ మొదలుపెట్టాను. ఇక్కడి సరుకు హైడ్రోస్, పట్టు రంగుల్లో వాడే పొడి. తడి తగిలితే వేడెక్కి దానంతట అదే అంటుకుంటుంది. డ్రమ్ము మీది నీలం స్టిక్కరు, అందులో మంట బొమ్మ చూపించి, లోపల నిప్పుందనుకుని మొయ్యండని చెప్పాను. నీళ్ళ సంగతి రేపు.

ఊడ్చే తిప్పమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె కొడుకు దివాకర్ ఇక్కడే లారీ డ్రైవరు.

మే 6

నీళ్ళ పాఠం అయింది. తాగను నీళ్ళు లేని చోట ఈ భయమెందుకని సూపర్‌వైజర్ ఓబిలేష్ నవ్వాడు. అందరూ నవ్వారు. తిప్పమ్మ లేదు, ట్యాంకర్ దగ్గరికి పోయిందట.

మే 9, శుక్రవారం

దివాకర్ లారీలో డ్రమ్ము మూత మీద తడి! ఆకాశంలో మబ్బు తునక లేదు. బిందె నీళ్ళకు కొట్టుకునే ఊళ్ళో ఈ తడి ఎక్కడిది? డ్రమ్ముకు చెమట పట్టిందన్నాడు ఓబిలేష్. నా చెవిలో పువ్వు పెడుతున్నాడు.

పొడి కాజేసి, బరువు సరిపెట్టడానికి ఏదో పోస్తున్నారు. ఆ డ్రమ్ము దించేయించాను. మూతలు బిగించే రింగులు పాతబడ్డాయి, తడి లోపలికి దిగుతుంది, మార్చమన్నాను. సరే అన్నారు. మార్చరు.

మే 13

మళ్ళీ తడి. మళ్ళీ దివాకర్ లారీయే. మిగతా లారీలన్నీ పొడిగానే ఉన్నాయి.

పొగ వస్తే ఎంత దూరం పరుగెత్తాలి అని అడిగాడు దివాకర్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. వీడే. ఓబిలేష్‌కు వాటా ఉంటుంది. ఇద్దరినీ రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుంటాను.

మే 16, ఉదయం

దివాకర్ లారీకి చిలమత్తూరు లోడ్. మూతలన్నీ చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఆ ఇద్దరి మీది నుంచి చూపు తిప్పలేదు. లారీ వైపు ఒక్కడూ పోలేదు. తిప్పమ్మే ఆ చుట్టుపక్కల ఊడుస్తోంది. తర్వాత టార్పాలిన్ కప్పారు, బండి కదిలింది. నా దెబ్బకు దారికొచ్చారనుకున్నాను.

మే 16, సాయంత్రం

పెనుకొండ దాటాక టార్పాలిన్ కింద పొగ. లారీ ఆపి, పారిపోకుండా మంట పక్కనే నిలబడి, వెనకొచ్చే బస్సును చెయ్యెత్తి ఆపబోయి ఒళ్ళు కాల్చుకున్నాడు దివాకర్. రెండు చేతులూ, ముఖం సగం. ప్రాణానికి భయం లేదంటున్నారు. దొంగ అలా ఆగుతాడా? నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మే 17

ఆసుపత్రి వరండాలో తిప్పమ్మ. తనే చెప్పింది. లోపల నిప్పుందని నేను చెప్పినప్పటి నుంచి, అమ్మవారి ఉగ్రం చల్లారాలని, కొడుకు ఎక్కే ప్రతి లోడ్‌కూ వేపాకుతో పసుపునీళ్ళు పోసి మొక్కుతోందట. తాగే బిందెలోవే. నిన్న నేను తడిమి చూసి పోయాక కూడా.

ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు చాల్లేదేమో మేడమ్మా."