బాపు రాసే జవాబు

దేవరకొండ, దీపావళి మరునాడు, 1961

నూలు సావుకారి బాకీ కార్డు ఈ ఏడూ వచ్చింది. మా బాపు దివాలా తీశాడని కోర్టు తేల్చి, బాకీలన్నీ కొట్టేసి ఎన్నేళ్లయిందో! అయినా పండుగకు కొత్త ఖాతా తెరవగానే ఆ దోపిడీదారుకు మేమే గుర్తొస్తాం. పోస్టుమాన్ దాన్ని మగ్గాల వాడంతా వినేలా చదువుతాడు. ఇక ఆ పూట నుంచి బాపు నేతకు మగ్గం గుంటలోకి దిగడు.

"ఇంకో కార్డు వస్తే దావా వేస్తాను" అని సావుకారికి ఘాటుగా కార్డు రాసిపెట్టాను. అసలు ఏ ఆశతో పంపుతున్నాడో అంతుపట్టక బాపునే అడిగాను.

"నేను జవాబిస్త గదరా. గీ ఏడు అయితలేదు, వచ్చే ఏడు సూద్దామని."

"ఏటేటా రాస్తున్నవా? కోర్టు మాఫీ చేసింది గద బాపూ!"

"నేను నూలు తెచ్చింది కోర్టు కాడనారా?"

సభల్లో సావుకార్లను చీల్చి చెండాడేవాణ్ణి నేను. ఈ సావుకారు తిన్న వడ్డీ సంగతేమిటని అడగాల్సింది. అడిగితే బాపు, "మరి అసలు?" అనేవాడేమో.

పడుకోబోతూ బాపు ఖాళీ కార్డు అడిగాడు. ఏటా జవాబు రాశాకే మళ్లీ మగ్గంలో కూర్చుంటాడని అప్పుడు తట్టింది. ఇచ్చాను.

నేను రాసిన దావా కార్డు మాత్రం చింపలేదు.