ఆవిరి అని రాసిన పొగ

త్రుహీయో,
ఆగస్టు 9

చిరంజీవి నోయెలియాను అమ్మ దీవించి రాసేది. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. చేపల పులుసులో నిమ్మకాయ చాలలేదని నిన్న కూడా నాతో పేచీ పెట్టుకున్నారు. లిమాలో సన్నటి తుంపర వదలడం లేదని రాశావు. మెడకు శాలువా చుట్టుకో.

ప్రజాసంబంధాల వృత్తిలో లాటిన్ అమెరికా ధోరణి అంటూ నిజంగా ఉందా, ఉత్తర అమెరికా వాళ్ల పాఠానికే మన జెండా కట్టారా అని మీ ఆఫీసులో నవ్వుతున్నారన్నావు. ఉందమ్మా. సంస్థ మాట జనానికీ, జనం మాట సంస్థకీ ఎలా చేరాలన్నది ఉత్తర అమెరికా వాళ్ల చింత. సంస్థను సమాజం ఎందుకు ఒప్పుకోవాలన్నది యూరప్ వాళ్ల ప్రశ్న. మనవాళ్లు అడిగింది వేరు: ఈ పనితో ఊరి బతుకు బాగుపడిందా? జీతం ఎవరిచ్చినా నువ్వు ఊరి మనిషివే అన్నారు. ఇరవై ఆరేళ్లుగా నేను విశ్వవిద్యాలయం క్లాసులో చెబుతున్నదీ అదే.

ఆ రంగుల కార్ఖానా కాలవలోకి వదిలే మురుగు గురించి, పరీక్ష ఫలితాలు రాకముందే 'ప్రమాదం లేదు' అని ప్రకటన రాయమంటున్నారనీ, ఏం చేయమంటావనీ అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే ఇన్నాళ్లూ నీ దగ్గర దాచింది చెప్పాలి.

నువ్వు పుట్టకముందు సాన్ ఎలియాస్ రేవులో రెండేళ్లు ఉద్యోగం చేశానని నీకు తెలుసు. అది చేపల పొడి చేసే ఫ్యాక్టరీ. పిల్లలు దగ్గుతున్నారని ఒకరోజు ఆడవాళ్లంతా గేటు దగ్గరికొచ్చారు. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటని ఇంజనీరు రాసిన నివేదిక నేను అప్పటికే చదివాను. అయినా మేనేజరు అడగ్గానే, చిమ్నీలోంచి వచ్చేది నీటి ఆవిరేనని కాగితం రాశాను. నేనే బయటికెళ్లి చదివాను. బెస్తవాళ్ల పిల్లనని, తమలాగే మాట్లాడతానని నన్ను నమ్మారు. ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ పొగ మరో మూడేళ్లు అలాగే వచ్చింది.

నీ ఉత్తరం చదివిన మర్నాడు బస్సెక్కి అక్కడికి వెళ్లాను. ఆ రోజు అందరికీ ముందు నిలబడ్డ హసింతా ఇప్పటికీ రేవులో చేపలు కోస్తోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె కత్తి ఆగలేదు.

"అది ఆవిరి కాదని మాకు రెండో రోజే తెలిసిందిలే. ఆవిరికి అంత కంపుంటదా? నువ్వు తెలిసి చదివావా, తెలీక చదివావా అన్నదే ఇన్నేళ్లూ తేలలేదు."

"తెలిసే చదివాను."

అప్పుడు కత్తి కింద పెట్టింది. "పద. ఆ మాట మా పిల్లకు చెబుదువుగాని."

వాళ్ల అమ్మాయి యోవానా నీకన్నా నాలుగేళ్లు పెద్ద. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అప్పటి పిల్లలందరికీ వైద్యం కావాలని ఆరోగ్య శాఖకు అర్జీ పెడుతున్నారట. ఫ్యాక్టరీకి ముందే తెలుసనడానికి రుజువు లేక అది కదలడం లేదట. "సంతకం పెట్టి రాసిస్తావా?" అని మాత్రం అడిగింది.

అక్కడే కూర్చుని రాశాను. చదివి వినిపిస్తే హసింతా మూడు వాక్యాలు కొట్టేయమంది. "ఇందులో నీ బాధ ఎక్కువుంది, మా దగ్గు తక్కువుంది" అంది. నిజమే. మళ్లీ రాశాను.

సోమవారం క్లాసులోనూ ఇదంతా చెప్పాను. విశ్వవిద్యాలయం వాళ్లు సంజాయిషీ అడిగారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీ నాన్నకూ చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్క తీశారు.

నీ సంగతికొస్తే, ముందు ఆ కాలవ పక్కన ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లు. వాళ్లు చెప్పేది విను. నేను తెలిసి కూడా అబద్ధం రాశాను. నీకింకా తెలియదు. 'మాకింకా తెలియదు' అని రాయడానికి సిగ్గుపడకు.

నా మీద కోపం రావడం న్యాయమే. రెండు వారాలు ఉత్తరం రాయకపోయినా ఏమీ అనుకోను. మూడో వారం మాత్రం రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తుండే
మీ అమ్మ ఎడెల్మీరా