గృహమంటే ఇల్లే కదా!

బిలాస్‌పూర్,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ పెద్ద కూతురు అనంతలక్ష్మి కాళ్లకు దండం పెట్టి రాయడం. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, నీ మనవరాలు తేజస్వీ కులాసా. టెక్కలిలో తమ్ముడు రమణమూర్తి, మరదలు, పిల్లలు, అందరికంటే ముందు నీ మోకాళ్లు బాగున్నాయని తలుస్తాను. ఫోన్లో నేను అరిచేది నీకు వినపడదు, నువ్వు అరిచేది మా వీధంతటికీ వినపడుతుంది. మనిద్దరికీ ఉత్తరమే నయం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. నువ్వు పెట్టి వెళ్లిన ఆవకాయకి బూజు పట్టలేదు. పట్టేదాకా నీ అల్లుడు ఉంచితే కదా! తేజస్వి బ్యాంకు ఉద్యోగం కోర్బాలోనే, శనివారం సాయంత్రానికి ఇంటికొస్తుంది. దానికి తెలుగు చదవడం నేర్పమన్నావు. నీ ఉత్తరం చేతికిచ్చాను. కూడబలుక్కుని ఒక పేజీ చదివేసరికి కంచంలో అన్నం చల్లారిపోయింది. ఇళ్ల మంత్రి మళ్లీ మారాడా అని కూడా అడిగావు. మారాడమ్మా, ఆ కథ పెద్దది. నువ్వు అడక్కుండానే చెప్పిన మాట ఒకటుంది కదా, "ఇల్లొచ్చినా నాను రాను, అల్లుడి ఇంట్లో ఇన్నాళ్లు తిన్నదే ఎక్కువ" అని. అది చదివి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. దాని సంగతి చివర్లో చూస్తాను.

మనకి ఇల్లొచ్చిన సర్కారు కాలనీకి భూమి పూజ చేసిన మంత్రి నీకు గుర్తే. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగల్లేదని నువ్వు పక్కన నిలబడి గొణిగావు. ఆయన పోయాక వచ్చినాయనకి గోడల రంగు నచ్చలేదు, మళ్లీ వేయించారు. మూడో ఆయన తాళాలు తన చేతుల మీదుగానే ఇస్తానన్నాడు. షామియానా కట్టారు, కుర్చీలు వేశారు, మేమంతా ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లాం. పొద్దున్నే ఆయన శాఖ మార్చేశారట! మేం చూస్తూండగానే కుర్చీలవాడు కుర్చీలు బండికెక్కించుకుని వ్యాపార్ విహార్ వైపు పోయాడు. నాలుగో ఆయన వస్తాడు వస్తాడు అంటూనే వెళ్లిపోయాడు. గేటు దగ్గరి రాయి మీద పేరు చెక్కినప్పుడల్లా పాతది అరగదీయడంతో ఆ రాయి గుంటపడిపోయింది. ఇళ్లు సిద్ధం, తాళాలు ఆఫీసు బీరువాలో సిద్ధం, ఇచ్చే మంత్రే లేడు.

నీ అల్లుడు లోకో షెడ్డులో రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక, నెహ్రూ నగర్‌లో ఆ అద్దె వాటా ఎంత ఇరుకో నువ్వు చూశావు. ఒకళ్లు పక్క పరిస్తే ఇంకొకళ్లు వంటింట్లో నిలబడాలి. అది చూసే కదా నువ్వు తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయావు. నువ్వు లేకపోతే నాకు తిట్టడానికి మనిషి లేదమ్మా. నీ అల్లుణ్ణి తిడితే నవ్వుతాడు.

శ్రావణంలో నువ్వు రాశావు గుర్తుందా? "ఆలికీ ఈలికీ సెప్పుకోడమెందుకు, గృహ మంత్రి ఎవుడో ఆడికే సూటిగా రాసీండి" అని. నాకు భలే నచ్చింది. గృహమంటే ఇల్లే కదా! తేజస్వి ఊళ్లో లేదు. నా చేత్తో నేనే హిందీలో అర్జీ రాశాను. మా ఇల్లు మాకివ్వడం లేదు, తాళాలు పరాయివాళ్ల చేతిలో ఉన్నాయి, ముసలావిడ ఊరు విడిచిపోయి తలదాచుకుంటోంది, న్యాయం చేయండి అని. పైన గృహ మంత్రి గారికి అని గుండ్రంగా రాసి రాయ్‌పూర్‌కి పోస్టు చేశాను.

దసరా ముందు ఒక పొద్దున గుమ్మంలో పోలీసు జీపు ఆగింది. నీ అల్లుడు పేపరు పట్టుకుని బిగుసుకుపోయాడు. సాహు అని ఒక హవల్దారు దిగాడు. మంచి మీసాలు. "మాతాజీ, ఘర్ కిసనే ఛీనా?" అన్నాడు. మీ ఇల్లు ఎవరు లాక్కున్నారని. గూండాలెంతమంది, కత్తులున్నాయా, ముసలమ్మని కొట్టారా అని ఒకటే ప్రశ్నలు. అదృష్టం కొద్దీ తేజస్వి ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. అర్జీ లాక్కుని చదివి నెత్తి కొట్టుకుంది.

"మమ్మీ! గృహ మంత్రీ తో పులిస్ కా హోతా హై! హోం మినిస్టర్! ఇళ్ల మంత్రిని ఆవాస్ మంత్రీ అంటారు!"

"ఓలమ్మా! మరి ఇంటికీ పోలీసులకీ ఏటే సంబంధం? గృహమంటే ఇల్లు గాదేటి?" అన్నాను.

నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో హిందీ మాట్లాడుతున్నానమ్మా. కూరలవాడితో బేరంలో నాకెవరూ సరిరారు. కానీ ఇల్లు అనేసరికి బుర్ర తెలుగులోకే పోతుంది.

తప్పయిపోయింది, వెళ్లిపోండి బాబూ అన్నాను. హవల్దారు వెళ్లలేదు. పైనుంచి వచ్చిన కాగితం, విచారణ చేసి ఏదో ఒకటి రాయందే కుదరదన్నాడు. మమ్మల్నందర్నీ జీపెక్కించుకుని ఇళ్ల ఆఫీసుకి తీసుకెళ్లాడు. వీధిలో అప్పలకొండ పెళ్లాం నోరు వెళ్లబెట్టి చూసింది. ఆ ఊరేగింపు నువ్వు చూసి ఉండాల్సింది.

ఆఫీసరు మామూలుగానే మొదలెట్టాడు. మంత్రి గారు వచ్చి స్వయంగా ఇవ్వాలి అన్నాడు. ఏ మంత్రి అన్నాడు హవల్దారు. కొత్తాయనకి ఇంకా శాఖ ఖరారు కాలేదన్నాడు ఆఫీసరు. అచ్ఛా అని హవల్దారు కలం తీశాడు. "ఇల్లు వీళ్లది, తాళం మీ దగ్గర. కబ్జా చేసినవాడి పేరు నేను రాయాలి సాబ్. లేని మంత్రి పేరు రాయనా, ఉన్న మీ పేరు రాయనా?" అన్నాడు.

బీరువా తెరుచుకుంది. మాకే కాదు, ఆ సాయంత్రానికి కాలనీలో అందరికీ తాళాలు ఇచ్చేశారు. మమ్మల్ని ఇంటి దగ్గర దింపి హవల్దారు టీ కూడా తాగకుండా వెళ్లిపోతుంటే నేనే బలవంతాన కూర్చోబెట్టి అరిసెలు పెట్టాను.

ఇల్లు బాగుందమ్మా. కింది వాటా, మెట్లెక్కే పని లేదు. ఎండ వంటింట్లోకి వస్తుంది. కోటా వైపు పోయే రైలు బళ్ల కూత నీక్కూడా వినపడుతుంది. పాలు పొంగించాం, పొయ్యంతా పాడు చేశాం.

ఇప్పుడు ఐదో మంత్రి వచ్చాడు. కార్తీక పౌర్ణమి వెళ్లాక సభ పెడతారట. ఇచ్చేసిన తాళాలన్నీ ఒక్క రోజుకి తిరిగి పట్టుకు రావాలట, ఆయన చేతుల మీదుగా మళ్లీ ఇస్తారట! నవ్వి నవ్వి పొట్ట నొప్పొచ్చింది. ఇంటి యజమాని స్వయంగా వచ్చి అందుకోవాలని మైకులో చెప్పి వెళ్లారు. ఇక్కడే నేను ఇన్నాళ్లూ దాచిన మాట చెప్పక తప్పడం లేదు.

ఇంటికి దరఖాస్తు పెట్టిన రోజు నీ చేత సంతకం పెట్టించాను. సాక్షి సంతకం అనుకున్నావు. నేను కాదనలేదు. అమ్మా, అది సాక్షి సంతకం కాదు. ఇల్లు నీ పేరు మీద ఉంది. నాన్న రైలు లైను మీద పని చేసిన ఇన్నేళ్లూ క్వార్టర్లే కదా, నీకంటూ ఒక గుమ్మం లేదు. ఇది నీ అల్లుడి ఆలోచన. "అత్త పేరున ఎట్టీ. రిటైరయినాక నాను ఇల్లరికం అల్లుణ్ణవుతాను" అన్నాడు. ముందే చెబితే నువ్వు ఆ కాగితం చింపేసేదానివని నోరు మూసుకున్నాను. పైన రాయలేదు గానీ, హవల్దారు గుమ్మంలో మొదట అడిగిందీ నిన్నే, అర్జీలో పేరున్న అచ్చియమ్మ ఎవరని.

కాబట్టి అల్లుడి ఇంటికి రానంటే రావద్దు, ఇక్కడ అల్లుడి ఇల్లంటూ ఏదీ లేదు. ఉన్నది నీ ఇల్లు. అందులో నీ కూతురూ అల్లుడూ నిన్నడక్కుండా చేరి, పాలు పొంగించుకుని, హాయిగా తిని పడుకుంటున్నారు. ఇంకెన్నాళ్లుంటారో వచ్చి నువ్వే అడుగు. బేగి రా, ఈ మంత్రి కూడా మారిపోకముందే.

ఇట్లు,
నీ ఇంట్లో ఉంటున్న
నీ పెద్ద కూతురు
అనంతలక్ష్మి