మీ బావగారు ముట్టని ఫైలు

అలిగి కూర్చున్న చెల్లికి,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కనుక కాగితం మీద చెప్పాల్సి వస్తోంది. కాగితాన్నయితే మాట మధ్యలో పెట్టేయలేవు.

"బావగారు ఆ ఆఫీసులోనే ఉండి మా పిల్లకు సాయం డబ్బు రాకుండా ఆపారు" అని నలుగురి దగ్గరా అన్నావట. ఆపలేదే తల్లీ, అసలు ముట్టలేదు. చదువుకునే పిల్లలకు ప్రభుత్వమిచ్చే డబ్బును యూనివర్సిటీ పంచుతుంది. పంచే చోట ఆయన ఉద్యోగం. సొంతవాళ్ల దరఖాస్తును అక్కడివాళ్లు చూడకూడదని నియమం. మన పిచ్చుక దరఖాస్తు రాగానే "ఈ అమ్మాయి నా మరదలి కూతురు" అని పైన రాసి, పక్క సీటావిడకు అప్పగించేశారు. ఆవిడేమో మెట్ల మీద జారిపడి సెలవు పెట్టింది. ఫైలు ఆవిడ బల్ల మీద అలాగే ఉంది.

"ఆవిడ ఎప్పుడొస్తుందో కనుక్కోండి" అన్నాను.

"నేను అడగకూడదు."

"కాలెలా ఉందని అడగొచ్చుగా?"

"ఫైలు కోసమే అడిగానంటారు."

ఆ బల్ల పక్కనుంచి నడవాల్సి వస్తుందని, మంచినీళ్లకు కూడా వెనక వరండా చుట్టి వెళ్తున్నారట! ఈ నియమంలో పిసరంత ఇంట్లో చూపించి, తడి తువ్వాలు మంచం మీద పడేయకుండా ఉంటే నా జన్మ ధన్యమయ్యేది.

నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే దాని సీటు పోతుందని నాకు తెలియదా? పురిటి గదిలో నీకంటే ముందు దాన్ని ఎత్తుకున్నదాన్ని. దాని చదువుకు నేను అడ్డం పడతానని ఎలా అనుకున్నావే? ఆ మాట మాత్రం గుచ్చుకుంది. ఆవిడ సోమవారం వస్తుందని ప్యూను చెప్పాడు. అందాకా ఓపిక పట్టు.

నీ అక్క


చెల్లీ,

పోస్టులో వేస్తే సోమవారంలోగా అందదు. అందుకే మీ పక్కింటావిడ చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ, "పోనీ, నేనే ఆ పక్క సీటావిడ ఇంటికి వెళ్లి అడుగుతాను" అన్నాను. మీ బావగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వెళ్లకు. అందులో ఆదాయం కింద మీ చెల్లెలికి వచ్చే పైగది అద్దె రాసి ఉండదు."

"మీకెలా తెలుసు? ఫైలు తెరవలేదన్నారుగా?"

"మీ చెల్లెలు నాకు తెలుసు. నేను తెరిచి చూశానంటే, నాకు తెలిసింది బయటపెట్టి తీరాలి. చూడకపోతే గొడవే లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ముందు నీ మీద. ఆ గది కిటికీలకు పరదాలు కుట్టిచ్చింది నేనే కదే! నెలనెలా వచ్చే అద్దె దరఖాస్తు నింపేటప్పుడే మరిచిపోయావా? "అందరూ దాస్తారు" అంటావు. ఆ అందరూ వచ్చి నీ కూతుర్ని కాపాడతారా? తర్వాత ఆయన మీద. "కళ్లు మూసుకుంటే తెలిసింది తెలియకుండా పోతుందా? పిల్లి పాలు తాగినట్టుంది మీ నిజాయితీ" అన్నాను. ఆయన నా ముందున్న చిక్కుడుకాయల్లో నాలుగు తీసుకుని ఒలిచారు. చివరికి, "నువ్వన్నది నిజమే. సోమవారం ఆవిడ రాగానే నేనే చెప్పేస్తాను" అన్నారు.

ఆయన చెబితే దాచినట్టవుతుంది, సాయం మొత్తం పోతుంది. మీరే ముందు వెళ్లి దిద్దుకుంటే కొంత తగ్గుతుంది, అంతే. దాచిపెట్టి డబ్బు తీసుకున్నాక తనిఖీలో బయటపడితే తిరిగి కట్టాల్సింది నువ్వు కాదు, పిచ్చుకే. నువ్వు నింపావు, సంతకం మాత్రం దానిచేత పెట్టించావు. అంత చదువు చదివించి పిల్లకు నువ్వు నేర్పింది ఇదా?

కోపం నా మీదే ఉంచుకో. ముందు ఆఫీసుకు వెళ్లు.

నీ అక్క


చెల్లీ,

సోమవారం నువ్వు రాలేదు. పిచ్చుక వచ్చింది.

ఆఫీసు తలుపులు తీసేసరికే గుమ్మంలో ఉందట. "పెదనాన్నా, ఇందులో ఒకటి దిద్దాలి" అంటే, "నేను తీసుకోకూడదమ్మా" అని కుర్చీ వేశారట. పక్క సీటావిడ చేతికర్ర ఊతంతో వచ్చి కూర్చోగానే ఆయన లేచి, "నేనొక మాట చెప్పాలండీ" అని మొదలుపెట్టారు. పిచ్చుక అడ్డుపడి, "మీరు కూర్చోండి పెదనాన్నా, నేనే చెప్తాను" అంది. చెప్పేసింది. అద్దె కలిపి మళ్లీ రాసి, సంతకం పెట్టింది.

సాయం తగ్గింది. తగ్గినంతా నువ్వు ఆ అద్దెలోంచే కట్టాలి. సీటుకు మాత్రం ఢోకా లేదు.

అక్కణ్ణుంచి మా ఇంటికి రాగానే, "నా ఉత్తరం చదివే వెళ్లావా?" అన్నాను. "ఏ ఉత్తరం పెద్దమ్మా?" అంది. దానికి చూపించనైనా లేదన్నమాట నువ్వు! ఆ సంతకం పెట్టినప్పటినుంచీ దానికి ముద్ద దిగడం లేదట. "అమ్మ నాకోసమే చేసింది కదా, తప్పని ఎలా అనగలను? ఇప్పుడూ అమ్మకు చెప్పకు, బాధపడుతుంది" అంటూ ఒట్టు వేయమని చెయ్యి చాపింది.

నేను వేయలేదు. ఒకరు దాచారు, ఒకరు చూడనట్టు తప్పుకున్నారు, ఇది మింగి కూర్చుంది. ఈ కుటుంబంలో ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకుండా కాపలా కాసే ఓపిక నాకిక లేదు. అందుకే పూసగుచ్చినట్టు నీకు చెప్పేస్తున్నాను. నిన్ను బాధపెట్టకూడదనుకుంటూ నీ కూతురు నీకు దూరమవుతోందే, పిచ్చిదానా.

ఈ ఉత్తరం మీ బావగారే తెస్తున్నారు. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకు. పిచ్చుక ఆకలి తీరా తిని మా ముందుగదిలో నిద్రపోతోంది. లేచేసరికి నువ్వు పక్కన ఉండాలి. తిట్లు ఏమైనా మిగిలితే వంటింట్లోకి రా, నేనక్కడే ఉంటాను.

నీ అక్క